పన్నెండు చుక్కల్ని ఆరు చేసిన కుర్రాడు

ఉద్యోగ నోటిఫికేషన్‌ పడిందని తెలియగానే మనం చేసే మొదటి పని పీడీఎఫ్‌ డౌన్‌లోడ్‌ చేసుకోవడం. చూపులేని అభ్యర్థి కూడా అదే చేస్తాడు. అతని ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండే స్క్రీన్‌ రీడర్‌ ఆ ఫైల్లోని అక్షరాల్ని పైకి చదివి వినిపిస్తుంది. కానీ ఆ ఫైలు ఒక కాగితాన్ని స్కాన్‌ చేసి పెట్టిందైతే? రీడర్‌ మౌనంగా ఉండిపోతుంది. అందులో ఉన్నది అక్షరాల ఫొటో తప్ప అక్షరాలు కావు మరి. వయోపరిమితి ఎంతో, ఆఖరు తేదీ ఎప్పుడో తెలుసుకోవాలంటే పక్కవాళ్లను బతిమాలుకోవాల్సిందే.

ఇదేదో కంప్యూటర్ల కాలంలో వచ్చిన తంటా అనుకుంటాం. సరిగ్గా ఇలాంటి చిక్కే 200 ఏళ్ల కిందట పారిస్‌లోని ఒక బడిలో ఉండేది. దాన్ని విప్పినవాడు ఆ బడిలో చదువుకుంటున్న పిల్లాడే. పేరు లూయీ బ్రెయిలీ. ఆయన లిపి పేరు అందరికీ తెలుసు. ఆ లిపిని అతను ఎందుకు అలాగే తయారుచేశాడు, దాన్ని నిలబెట్టుకోవడానికి ఎంత అవస్థపడ్డాడు అన్నది మాత్రం ఎక్కువమందికి తెలీదు. డిజిటల్‌ డాక్యుమెంట్లు తయారుచేసే ఉద్యోగాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఆ కథ బాగా పనికొస్తుంది.

తోలు కొట్టంలో ప్రమాదం

పారిస్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే పల్లె ఉంది. 1809 జనవరి 4న లూయీ అక్కడ పుట్టాడు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి సిమోన్‌ రెనే గుర్రాలకు జీనులు, కళ్లాలు కుట్టే తోలుపనివాడు. ఊళ్లో మంచి పేరున్న పనిమంతుడు. మూడేళ్ల లూయీ ఒకరోజు తండ్రి కొట్టంలో దూరి, తోలుకు చిల్లులు పొడిచే పదునైన పనిముట్టు తీసుకుని ఆడుకోబోయాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. యాంటీబయాటిక్స్‌ లేని రోజులవి. గాయం చీము పట్టింది, రెండో కంటికీ పాకింది. అయిదేళ్లు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది.

జీవితచరిత్రలు రాసేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగుతారు. కన్ను తీసిన పనిముట్టూ, తర్వాత చుక్కలు పొడవడానికి వాడిన పనిముట్టూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, దాంట్లో విధి లీల వెతుకుతారు. నాకైతే అంతకన్నా ఆ తల్లిదండ్రులు చేసిన పని ముఖ్యమనిపిస్తుంది. ఆ కాలంలో చూపులేని పేదపిల్లలకు మిగిలే దారి అడుక్కోవడమే. సిమోన్‌, మోనిక్‌ దంపతులు అలా వదిలేయలేదు. తండ్రి చేతికర్ర చేసిచ్చి ఊరంతా తిరగడం నేర్పాడు. ఊరి చర్చి ఫాదర్‌ పాలూయి చదువు చెప్పాడు, తర్వాత మామూలు బడిలోనే కూర్చోబెట్టించాడు. పిల్లాడు విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకునేవాడు. కానీ మిగతావాళ్లు పుస్తకాలు తెరిచినప్పుడు మాత్రం ఊరికే కూర్చునేవాడు.

చదవొచ్చు, కానీ రాయలేరు

పదేళ్ల వయసులో, 1819 ఫిబ్రవరిలో, లూయీకి పారిస్‌లోని రాజాస్థాన అంధబాలుర బడిలో సీటు దొరికింది. చూపులేని పిల్లలకు చదువు చెప్పొచ్చని నమ్మిన వాలెంటిన్‌ ఆవీ 1780ల్లో మొదలుపెట్టిన సంస్థ అది. పేరు గొప్పదేగానీ భవనం మాత్రం పాతబడి చెమ్మెక్కిన కట్టడం. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఖైదీల్ని పెట్టిన చోటు. అక్కడ చాలామంది పిల్లలు దగ్గుతూనే ఉండేవాళ్లు.

బడిలో పుస్తకాలైతే ఉన్నాయి. తడిపిన మందపాటి కాగితాన్ని పెద్ద పెద్ద అచ్చుల మీద గట్టిగా అదిమి, మామూలు ఫ్రెంచి అక్షరాలే ఉబ్బెత్తుగా తేలేట్టు చేసేవారు. ఆవీ ఆలోచన అది. మొదటిసారి చూపులేనివాళ్ల చేతికి పుస్తకం ఇచ్చినవాడిగా ఆయన్ని తక్కువ చేయలేం. కానీ ఆ పుస్తకం కంటికోసం పుట్టింది. కన్ను ఒక్క చూపులో పోల్చుకునే అక్షరాన్ని వేలు అంచుల వెంట తడుముకుంటూ పోవాలి. ఇది వంపా, అది గీతా అని తేల్చుకుని, ఆ అక్షరాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాతి దానికి వెళ్లాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవారు. అక్షరాలు పెద్దవి కాబట్టి పుస్తకాలు బండల్లా బరువు, చేయడానికి బోలెడు ఖర్చు.

ఇంకో లోపం ఉంది, అది మరీ పెద్దది. పిల్లలు వాటిని చదవగలిగినా, తాము రాయడం కుదరదు. అచ్చుయంత్రం లేకుండా ఆ అక్షరాలు పుట్టవు. నోట్సు రాసుకోలేరు, లెక్క చేసుకోలేరు, స్నేహితుడికి చీటీ పంపలేరు. ఎవరో తయారుచేసింది తీసుకోవడమే తప్ప తమ మాట కాగితం మీద పెట్టే దారి లేదు.

స్కాన్‌ చేసిన పీడీఎఫ్‌ కూడా ఇలాంటిదే. కంటికి అన్నీ ఉన్నట్టే ఉంటుంది. తయారుచేసినవాళ్లు పని పూర్తయిందనే అనుకుంటారు. చదవాల్సినవాడి దగ్గరికి వెళ్లి చూస్తేగానీ లోపం బయటపడదు.

మాజీ సైనికాధికారి తెచ్చిన చుక్కలు

1821లో షార్ల్‌ బార్బియే అనే మాజీ సైనికాధికారి ఆ బడికి వచ్చాడు. వేగంగా రాయడం, రహస్యంగా రాయడం లాంటి వాటిమీద ఆయనకు ఆసక్తి. తను కనిపెట్టిన రాత చూపులేనివాళ్లకు ఉపయోగపడుతుందని చూపించాడు. ఫ్రెంచి భాషలోని ధ్వనుల్ని 36గా విడగొట్టి, ఆరు వరసలు, ఆరు నిలువు గళ్లున్న పట్టికలో పెట్టాడు. ఒక ధ్వని రాయాలంటే పక్కపక్కనే రెండు నిలువు వరసల్లో చుక్కలు పొడవాలి. మొదటి వరసలో ఎన్ని చుక్కలున్నాయో అది పట్టికలో అడ్డువరస సంఖ్య. రెండో దాంట్లో ఉన్నవి నిలువుగడి సంఖ్య. అంటే ఒక ధ్వనికి 12 చుక్కల దాకా పట్టొచ్చు.

పిల్లలు ఎగిరి గంతేశారు. గీతకన్నా చుక్క వేలికి ఎంతో తేలిగ్గా తెలుస్తుందని అందరికీ అర్థమైంది. పైగా ఒక పలక, ఒక మొనదేలిన పుల్ల ఉంటే తామే రాసుకోవచ్చు!

పన్నెండేళ్ల లూయీ కూడా సంబరపడ్డాడు. కానీ వాడుతూ పోతే లోపాలు కనిపించాయి. ధ్వనులు తప్ప స్పెల్లింగ్‌ లేదు. కామాలు, ఫుల్‌స్టాప్‌లు లేవు. అంకెలు లేవు, సంగీతం రాయడానికి వీల్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నిలువుగా ఆరు చుక్కల ఎత్తున్న గుర్తు వేలికొన కిందకు ఒక్కసారిగా రాదు. పైకీ కిందకీ తడమాలి. బార్బియే చూపున్న మనిషి. చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు కదా అనుకున్నాడు. లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే చదవడం ఎప్పుడన్నది చదివేవాడికే తెలుస్తుంది.

ఆ తర్వాత మూడేళ్లు లూయీ ఆ చుక్కలతోనే గడిపాడు. పగలు పాఠాలు, రాత్రిళ్లు పడకమీద పలక. సెలవులకు కూవ్రే వెళ్తే అక్కడా అదే పని. 1824 నాటికి, అంటే 15 ఏళ్లకే, అసలు చట్రం సిద్ధమైంది.

ఆరు చుక్కల లెక్క

రెండు నిలువు వరసలు, ఒక్కో వరసలో మూడు చుక్కల చోట్లు. మొత్తం ఆరు. వేలికొన కింద సరిగ్గా ఇమిడిపోయే కొలత. ఒక్కో చోట చుక్క ఉంటుంది, లేదా ఉండదు. అలా చూస్తే 64 రకాలు వస్తాయి, ఖాళీ గడిని తీసేస్తే 63. అక్షరాలకు, విరామ చిహ్నాలకు, అంకెలకు, సంగీతానికి కూడా అవే సరిపోతాయి.

గుర్తుపెట్టుకోవడానికి ఎంత తేలికో చూడండి. మొదటి పది అక్షరాలు, ఏ నుంచి జె దాకా, పైనున్న నాలుగు చోట్లతోనే అయిపోతాయి. వాటికి ఎడమవైపు అట్టడుగున ఒక చుక్క చేరిస్తే తర్వాతి పది అక్షరాలు వస్తాయి. ఏ కి చేరిస్తే కె, బి కి చేరిస్తే ఎల్‌. అడుగున రెండు చుక్కలూ చేరిస్తే యు, వి వగైరా. డబ్ల్యూ మాత్రం ఈ వరసలో ఇమడదు. అప్పటి ఫ్రెంచిలో దాని అవసరం లేకపోవడమే కారణం. ముందు ఒక ప్రత్యేక గుర్తు పెట్టి ఏ నుంచి జె దాకా రాస్తే అవే 1 నుంచి 0 వరకు అంకెలవుతాయి.

చుక్క ఉంది, లేదు. ఒకటి, సున్నా. కంప్యూటర్‌ సైన్స్‌ చదివేవాళ్లకు ఇది వెంటనే తగులుతుంది. ఒక బ్రెయిలీ గడి అంటే ఆరు బిట్లు. యంత్రం ఊసే లేని రోజుల్లో ఒక కుర్రాడు వేలికోసం చేసిన ఏర్పాటు, 1999లో యూనికోడ్‌లోకి దాదాపు ఉన్నదున్నట్టుగా వచ్చి చేరింది. కంప్యూటర్‌ అవసరాలకోసం కింద మరో రెండు చుక్కలు కలిపి ఎనిమిది చేశారు, 256 గుర్తులయ్యాయి. ఇవాళ కంప్యూటర్‌కు తగిలించే బ్రెయిలీ డిస్‌ప్లేలో సన్నటి పిన్నులు పైకి లేస్తూ, కిందకు దిగుతూ తెరమీది వరసను వేలికి అందిస్తాయి. స్క్రీన్‌ రీడర్‌ చెవికి చెప్పేది ఇది వేలికి చెబుతుందన్నమాట.

1829లో లూయీ తన పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. మాటలు, సంగీతం, చర్చి కీర్తనలు చుక్కలతో రాసే విధానం అందులో ఉంది. బార్బియేకి రుణపడి ఉన్నానని అందులోనే ఒప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం అచ్చయింది ఆవీ ఉబ్బెత్తు అక్షరాల్లో. చదివేవాళ్లకు అప్పటికి తెలిసిన లిపి అదే మరి. తొలి కూర్పులో చుక్కలతోపాటు చిన్న గీతలు కూడా ఉన్నాయి. అవి పలకమీద రాయడానికి ఇబ్బంది అని తేలడంతో 1837 కూర్పులో తీసేశాడు. వాడి చూసి, పనికిరానిది కొట్టేయడం అతనికి అలవాటు.

పలకమీద రాత గురించి ఒక్క మాట. కాగితాన్ని వెనకనుంచి పొడుస్తారు కాబట్టి కుడినుంచి ఎడమకు, అద్దంలో బొమ్మలా తిప్పి రాయాలి. తిరగేస్తే ఎడమనుంచి కుడికి చదువుకోవచ్చు. వినడానికి కష్టంగా ఉన్నా పిల్లలు తొందరగానే పట్టేస్తారు.

సారువారి మరో కనిపెట్టుడు

చదువైపోయాక లూయీ ఆ బడిలోనే ఉండిపోయాడు. 1828 నుంచి సహాయకుడిగా పాఠాలు చెప్పి, 1833లో పూర్తిస్థాయి ఉపాధ్యాయుడయ్యాడు. వ్యాకరణం, భూగోళం, లెక్కలు బోధించేవాడు. సెల్లో వాయించేవాడు, పారిస్‌ చర్చిల్లో ఆర్గాన్‌ వాద్యకారుడిగా కూడా పనిచేశాడు. 26 ఏళ్లు వచ్చేసరికి క్షయ బయటపడింది. చెమ్మెక్కిన ఆ భవనం పుణ్యమే అని చాలామంది అభిప్రాయం. అక్కడినుంచి ఒక ఏడాది బాగుంటే ఒక ఏడాది మంచాన పడటం.

ఈ మధ్యలోనే ఆయన చేసిన రెండో పనిని జనం పెద్దగా తలుచుకోరు. చుక్కల లిపి వచ్చాక పిల్లలు ఒకరికొకరు రాసుకోగలుగుతున్నారు. కానీ ఇంటికి ఉత్తరం రాయాలంటే? అమ్మకు చుక్కలు రావు. అందుకని 1839లో మరో పద్ధతి ప్రకటించాడు. పది చుక్కల ఎత్తున్న గళ్లలో ఎక్కడెక్కడ పొడిస్తే ఏ ఫ్రెంచి అక్షరం ఆకారం వస్తుందో అంకెలతో పట్టిక ఇచ్చాడు. చూపులేని పిల్లాడు ఆ లెక్క ప్రకారం పొడుచుకుంటూ పోతే, చూపున్న తల్లి మామూలు అక్షరాల్లా చదువుకుంటుంది.

అది మహా నిదానం. అదే బడిలో చదువుకున్న, చూపులేని మెకానిక్‌ పియేర్‌ ఫూకో ఆయనతో చేయికలిపాడు. మీట నొక్కితే చుక్కలు పడే యంత్రాన్ని 1840ల మొదట్లో తయారుచేశాడు. టైప్‌రైటర్లు మార్కెట్లోకి రావడానికి దశాబ్దాల ముందు సంగతి ఇది. చుక్కల్ని పేర్చి అక్షరం తేల్చడం అంటే, మన బస్సు టిక్కెట్లూ రైల్వే రిజర్వేషన్‌ చార్టులూ ఏళ్లతరబడి అచ్చేసిన డాట్‌ మాట్రిక్స్‌ పద్ధతే.

పుస్తకాలు తగలబడిన ఏడాదులు

ఇంత చేసినా, ఆ బడిలోనే ఆ లిపికి గుర్తింపు లేదు. 1821 నుంచి డైరెక్టరుగా ఉన్న పిన్యే మంచి మనిషి. అధికారిక అనుమతి దొరక్కపోయినా పిల్లల్ని వాడుకోనిచ్చాడు. 1837లో ఫ్రాన్స్‌ చరిత్ర సంగ్రహాన్ని చుక్కల్లో అచ్చువేయించాడు. 1840లో ఆయన్ని తప్పించి దుఫోను కూర్చోబెట్టారు. దుఫోకు చుక్కలంటే పడదు. చూపున్నవాళ్లు చదవలేని లిపి పిల్లల్ని లోకానికి దూరం చేస్తుందని ఆయన వాదన. బ్రిటన్‌, అమెరికాల్లో వాడే కొత్తరకం ఉబ్బెత్తు అక్షరాల్ని తెప్పించాడు. పాత పుస్తకాల్ని తగలబెట్టించాడనీ, పలకలు లాక్కున్నారనీ చెబుతారు.

దుఫోను దుర్మార్గుడి కింద జమకట్టేయడం తేలిక. కానీ ఆయన భయం పూర్తిగా అర్థంలేనిది కాదు. ఇవాళ్టికీ ఆఫీసుల్లో ఆ వాదన వినబడుతుంది, ప్రత్యేకంగా ఇంకో ఫార్మాట్‌ ఎందుకు, అందరికీ ఒకటే ఉంటే చాలదా అని. చిక్కల్లా ఆ ‘ఒకటే’ ఎవరి కొలతతో చేశారన్న దగ్గరే. ఇంటికి ఉత్తరాలు రాసే పద్ధతి కనిపెట్టి, లోకంతో కలిసే దారిని బ్రెయిలీ అప్పటికే చూపించాడు. దుఫో దాన్ని పట్టించుకోలేదు.

పిల్లలు మానారా? లేదు. దుప్పట్ల కింద, ఏది దొరికితే దాంతో రాసుకున్నారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పారు. దుఫోకు సహాయకుడిగా వచ్చిన జోసెఫ్‌ గాదే ఇది గమనించాడు. మెల్లగా డైరెక్టర్‌ మనసు మార్చాడు. 1844 ఫిబ్రవరి 22న కొత్త భవనం ప్రారంభోత్సవంలో, పెద్దలందరి ముందు గాదే ఈ లిపి గురించి చెప్పి, పిల్లలతో రాయించి చదివించి చూపించాడు. సభలో బ్రెయిలీ ఉన్నాడు. లిపి పుట్టి అప్పటికి 20 ఏళ్లు.

ఆయన ఆరోగ్యం ఇక కుదుటపడలేదు. 1852 జనవరి 6న, 43 నిండిన రెండు రోజులకు, కన్నుమూశాడు. పారిస్‌ పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. రెండేళ్ల తర్వాత, 1854లో, ఆ బడి అధికారికంగా ఆయన లిపిని స్వీకరించింది. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దీన్నే సిఫార్సు చేసింది. అమెరికాలో మాత్రం వేర్వేరు చుక్కల లిపుల మధ్య గొడవ 20వ శతాబ్దంలోకి కూడా సాగింది. 1952లో ఆయన అస్థికల్ని పారిస్‌లో ఫ్రాన్స్‌ మహామహుల్ని ఉంచే పాంథియన్‌కు తరలించారు. చేతుల ఎముకల్ని మాత్రం కూవ్రే వాళ్లు తమ ఊళ్లోనే అట్టిపెట్టుకున్నారు.

తెలుగులోకి వచ్చిన చుక్కలు

మన దేశంలోనూ మొదట్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం బ్రెయిలీ ఉండేది. 1951లో అన్ని భాషలకూ కలిపి భారతి బ్రెయిలీ ఖరారైంది. తెలుగు క కి ఇంగ్లిష్‌ కె గుర్తే, మ కి ఎం గుర్తే, ల కి ఎల్‌ గుర్తే. హల్లులో ఉండే ‘అ’ను విడిగా రాయక్కర్లేదు కాబట్టి, ‘కమల’ అంటే ఆ మూడు గుర్తులే. గుడులు, కొమ్ములు లేవు. ‘కి’ రాయాలంటే క పక్కన ఇ పెడితే సరి.

ఇప్పుడు కంప్యూటర్లోని మామూలు అక్షరాల్ని బ్రెయిలీలోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఒకటుంది. దాని పేరు లిబ్‌లూయీ, ఆయన గౌరవార్థం పెట్టిందే. అందులో తెలుగు పట్టిక కూడా ఉంది. ప్రపంచమంతా వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్‌ రీడర్‌ లోపల ఇదే పనిచేస్తుంది. ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టిన మైకేల్‌ కర్రన్‌, తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్‌ టే, ఇద్దరూ చూపులేని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు.

అయితే ఈ సాఫ్ట్‌వేర్లకు యూనికోడ్‌ తెలుగు కావాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైలు మన కంటికి అచ్చ తెలుగే గానీ, లోపల ఉండేవి ఇంగ్లిష్‌ అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్‌ రీడర్‌ వాటినే గడగడా చదివేస్తుంది, ఒక్క ముక్క అర్థం కాదు. దాన్ని బ్రెయిలీలోకి మారిస్తే వేలికి తగిలేదీ అదే గందరగోళం. మన కాలేజీ నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, సర్క్యులర్లు ఎన్ని ఇలా ఉన్నాయో ఒకసారి తెరిచి చూడండి.

ఇలాంటి ఫైళ్లను బాగుచేయడం ఇప్పుడు ఒక ఉద్యోగం. డాక్యుమెంట్‌ రెమిడియేషన్‌ అంటారు. అక్షరాన్ని లావుచేసి పెద్దది చేస్తే కంటికి శీర్షికలా కనిపిస్తుంది. స్టైల్స్‌లోకి వెళ్లి హెడింగ్‌ అని పెడితేనే రీడర్‌కు అది శీర్షిక. అప్పుడు హెచ్‌ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకొచ్చు. లేకపోతే 60 పేజీల నోటిఫికేషన్‌ మొదటినుంచీ వినుకుంటూ రావాల్సిందే. బొమ్మలకు వివరణ రాయడం, పట్టికల్లో ఏది తలవరసో చెప్పడం, పీడీఎఫ్‌కు ట్యాగులు పెట్టడం, వర్డ్‌ ఫైల్ని ప్రింట్‌ కొట్టి కాకుండా సేవ్‌ యాజ్‌తో పీడీఎఫ్‌ చేసి ఆ ట్యాగులు పోకుండా చూడటం, ఇదీ రోజువారీ పని. ఐఏఏపీ అనే అంతర్జాతీయ సంఘం ఇచ్చే సర్టిఫికెట్లలో డాక్యుమెంట్లకంటూ విడిగా ఒకటుంది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటోంది.

ఎన్‌వీడీఏ ఉచితమే కాబట్టి ఇవాళే దింపుకోవచ్చు. మీ రెజ్యుమే ఫైలు తెరిచి, మానిటర్‌ ఆపేసి, మొదటినుంచి చివరిదాకా వినండి.